నూనెకూ నిమ్మరసానికీ పొత్తు కుదిర్చిన దాలమ్మ

దాలమ్మకు నవ్వు వచ్చిందంటే ఆగేది కాదు. తన పెళ్లిలో, పెళ్లికొడుకు గున్నయ్య నెత్తిన జీలకర్రా బెల్లం పెట్టబోతూ, అతని చెవి వెనక తీరిగ్గా షికారు చేస్తున్న గండుచీమను చూసింది. అంతే. నవ్వి నవ్వి ఆ ముద్ద కాస్తా చేయి జారి పురోహితుడి ఒళ్లో పడింది. పందిట్లో సగంమంది అపశకునం అన్నారు, మిగిలిన సగంమంది కారణం తెలియకుండానే తామూ నవ్వారు. గున్నయ్య మాత్రం చెవి వెనక తడుముకుంటూనే మూడుముళ్లూ వేశాడు.

పలాస మీదుగా రైలు నడవడం మొదలై పది పదిహేనేళ్లు అయిన రోజులవి. దాలమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం పక్క, ఇంట్లో తెలుగూ వీధిలో ఒడియా మాట్లాడే ఊరు. అత్తవారిల్లు ఉద్దానంలో, కొబ్బరితోటల మధ్య. గాలి వాటున సముద్రం హోరు పెరట్లోకి వినిపించేది. ఇంట్లో ఉండేది నలుగురే. గున్నయ్య, అతని తల్లి పైడమ్మ, చెల్లెలు రత్నాలు, కొత్తకోడలు దాలమ్మ. పైడమ్మకు రెండు కళ్లలోనూ పొరలు కమ్మాయి. మనిషిని పోల్చుకోవాలంటే గొంతు వినాలి, గిన్నెలో ఏముందో తెలియాలంటే వేలు ముంచాలి. చూపు తగ్గినకొద్దీ నోరు పెరిగింది. కోడలి నవ్వు వినపడినప్పుడల్లా, "మళ్లీ ఏటొచ్చిందే? కోతులాటోడు గానీ వొచ్చాడేటి?" అని అరిచేది. ఆ మాటకు దాలమ్మ ఇంకా నవ్వేది.

ఆ ఇంట్లో ఒకే ఒక్క దిగులు రత్నాలు జుట్టు. పిల్ల చూడముచ్చటగా ఉండేది గానీ, తలకట్టు మాత్రం అచ్చంగా వలిచిన కొబ్బరికాయ పీచు. నూనె రాస్తే జిడ్డోడుతూ నెత్తికి అంటుకుపోయేది. కుంకుడుకాయ రసంతో రుద్దితే నాలుగు దిక్కులా లేచి నిలబడేది. ఏ పాపిడీ మధ్యలో నిలిచేది కాదు. ఆ వైశాఖంలో హరిశ్చంద్రపురం నుంచి సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు తిరుపతిరావు, నెమ్మదైనవాడు. అతని తండ్రి పోలారావు. ఆయన్ని గురించి రెండు మాటలు అందరూ చెప్పేవారు. ఒకటి, మనిషి మంచివాడు. రెండు, తిండి బాగులేకపోతే ఆ మంచితనం కనబడదు.

"వొదినా, నన్నీ తలతో సూత్తే ఆళ్లు గుమ్మంలోంచే ఎల్లిపోతారు" అని రత్నాలు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఎల్లిపోతే నాను ఎనకాల పరిగెట్టి పట్టుకొత్తాను గానీ, నువ్వూరుకో" అంది దాలమ్మ. అని ఊరుకోలేదు, ఆలోచనలో పడింది. తన పుట్టింట అమ్మ తలకు కొబ్బరినూనె పట్టించేది, స్నానం అయ్యాక చివర్లో నిమ్మరసం చిలకరించేది. నూనెతో మెత్తన, నిమ్మతో నిగనిగ. రెండూ ఒకేసారి పట్టిస్తే? ఒక గిన్నెలో నూనె పోసి, నిమ్మకాయలు పిండి, చిన్న మజ్జిగ కవ్వం పెట్టి చిలికింది. తిప్పుతున్నంతసేపూ కలిసినట్టే ఉంది. కవ్వం తీయగానే నూనె పైకి, రసం కిందికి పోయాయి. మళ్లీ చిలికింది, మళ్లీ అంతే.

వసారాలో తాడు పేనుకుంటున్న గున్నయ్య చూసి, "ఏటి సేత్తన్నావు దాలీ?" అన్నాడు.

"ఈ రెంటికీ పొత్తు కుదురుత్తన్నాను మావా."

"నూనికీ నీళ్లకీ పొత్తేటి? అది కుదిరితే రేపు మా యమ్మకీ నీకూ కుదిరిపోతాది."

"నాకినబడ్డాదిరా!" అని లోపలి నుంచి పైడమ్మ కేకేసింది.

దాలమ్మకు నవ్వు పట్టుకుంది. ఒడిలో అప్పుడే గూట్లోంచి ఏరి తెచ్చిన కోడిగుడ్లున్న సంగతి మరిచి, పొట్ట పట్టుకుని ముందుకు వంగింది. ఒక గుడ్డు జారి గిన్నె అంచుకు తగిలి పగిలింది. తెల్లసొన బయటికి కారిపోయింది, పచ్చసొన గిన్నెలో పడింది. అయ్యో అనుకుంటూ పెంకు ముక్కలు ఏరేసింది. పారబోసే ముందు చేతి దురదకొద్దీ కవ్వం మరో నాలుగుసార్లు తిప్పింది. గిన్నెలో ఉన్నది లేత పసుపురంగుకు తిరిగింది. ఇంకా తిప్పింది. కాస్త చిక్కబడింది. కవ్వం తీసి చూసింది. నూనె పైకి రాలేదు. కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ చూసింది. రాలేదు!

"ఆలో మా!" అని అరిచింది. గట్టిగా సంబరం వచ్చినా భయం వేసినా ఆమెకు పుట్టింటి ఒడియా మాటే నోట్లోంచి వచ్చేది. "మావా, కలిసిపోనాయి! ఇటు రా, సూడు, కలిసిపోనాయి!"

గున్నయ్య వచ్చి వేలితో తాకి చూశాడు. "వెన్నలాగున్నాదే!" అన్నాడు. దాలమ్మ అతని వేలిని పట్టుకుని, దానికి అంటినదాన్ని అతని మీసానికే పూసి పెరటంతా పరిగెత్తింది.

మర్నాడు మళ్లీ చేయబోతే కుదరలేదు. గుడ్డు వేసింది, నిమ్మరసం పిండింది, నూనె గుమ్మరించింది, చేతులు నొప్పిపుట్టేలా చిలికింది. నీళ్లనీళ్లగానే మిగిలింది. ఆ మర్నాడూ అంతే. ఇంట్లో గుడ్లు అయిపోతున్నాయని పైడమ్మ గొణిగింది. దాలమ్మ మాత్రం పంతం పట్టిన మేకలా వదలలేదు. కుదిరినరోజు ఏం జరిగిందో కళ్లు మూసుకుని తలచుకుంది. ఆ రోజు గిన్నెలో ఉన్నది అడుగున కాస్త నూనే. నూనె ఒక్కసారిగా వచ్చి మీద పడితే పచ్చసొన పాపం బెదిరిపోతోంది. కొత్తకోడలి మీదికి ఊరంతా ఒకేసారి చూడ్డానికి వచ్చినట్టు. ఒక్కొక్కళ్లే వస్తే పలకరించుకుంటుంది.

కొబ్బరికాయకు మూడు కళ్లుంటాయి, వాటిలో ఒకటి మెత్తనిది. దాలమ్మ ఒక కొబ్బరిచిప్ప తీసుకుని ఆ మెత్తటి కన్నును పుల్లతో పొడిచింది. చిప్పను గిన్నెకు పైన వేలాడగట్టి, అందులో నూనె పోసింది. చుక్క పడుతుంది, కవ్వం తిరుగుతుంది. మళ్లీ చుక్క, మళ్లీ కవ్వం. కాసేపటికి గిన్నెలో తెల్లటి, మెత్తటి మీగడ పొంగి వచ్చింది. గిన్నెను బోర్లించినా కింద పడనంత గట్టిగా వచ్చింది. నిజంగానే బోర్లించి చూసింది కూడా, రత్నాలు నెత్తి మీద! పడలేదు. ఇద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు వాలి నవ్వుకున్నారు. గుడ్డు నీచు వాసన రాకుండా రవ్వంత ఉప్పు వేసింది, ఇంకో నిమ్మచెక్క పిండింది. అది తలకు పట్టించి, ఆరాక కడిగి, జడ అల్లేటప్పుడు చివర్లకు మళ్లీ కాస్త రాసింది. రత్నాలు జడ జెర్రిపోతులా నల్లగా నిగనిగలాడింది. పైడమ్మ చేత్తో తడిమి, "ఇది మా గుంట జడేనేటి? ఎవుల జడనైనా తెచ్చి అతికినావేటి?" అంది. ఆమె నోట వచ్చిన మెప్పు అదే మొదటిది.

పెళ్లిచూపుల నాటి పొద్దున్న దాలమ్మ పెద్ద గిన్నె నిండా ఆ మీగడ చిలికింది. సగం రత్నాలు తలకు రాసింది. జడకు చివర్లో మెరుగు పెట్టడానికని మిగతా సగం మీద ఆకు మూసి వంటింటి మూల పెట్టింది. పక్కనే పెరుగుగిన్నె ఉంది.

పోలారావూ కొడుకూ పలాసలో రైలు దిగి బండి మీద వచ్చారు. కాళ్లు కడుక్కున్నారు, మంచినీళ్లు తాగారు. పిల్లను చూసేముందే విస్తళ్లు వేశారు, ఎందుకంటే పోలారావు కడుపు ఖాళీగా ఉంటే ఎవరినీ సరిగా చూడలేడని గున్నయ్య ముందే కనుక్కుని ఉన్నాడు. కోడికూర, వేపిన వంజరం, ఉడకబెట్టిన పనసపిక్కలు, చింతపండు పులుసు. దాలమ్మ రత్నాలుకు చీర కట్టే సందడిలో ఉండగా, వడ్డన పైడమ్మ చేతికి వచ్చింది. ఆమె వంటింటి మూలకు వెళ్లింది, గిన్నె తడిమింది, వేలు ముంచింది. గట్టిగా, చల్లగా తగిలింది. పెరుగే అనుకుంది. తెచ్చి పోలారావు విస్తట్లో రెండు గరిటెలు వేసింది.

లోపలి గది తలుపు సందులోంచి దాలమ్మ చూసింది. చూసేసరికి పోలారావు ఒక పనసపిక్కను దాంట్లో ముంచి నోట్లో వేసుకుంటున్నాడు.

దాలమ్మ గుండె జారిపోయింది. వెంటనే, ఆ గుండె ఎక్కడికి జారిందో అక్కడి నుంచి నవ్వు బయల్దేరింది. కొంగు మొత్తం నోట్లో కుక్కుకుంది. "ఏటయింది వొదినా?" అంది రత్నాలు. దాలమ్మ మాట్లాడలేక వేలితో చూపించింది. రత్నాలు తొంగిచూసి, "ఓలమ్మో, నా తలనూని!" అంటూ గోడకు జారబడిపోయింది.

పోలారావు నమలడం ఆపాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు. ఈసారి వేపిన చేపముక్కను ముంచాడు. ఆ తర్వాత కోడిముక్కను. "అప్పా," అన్నాడు పైడమ్మతో అక్క వరస కలిపి, "ఇదేటి?"

"పెరుగే తమ్ముడూ, ఇంకేటుంటాది."

"పెరుగు నాకు తెల్దేటి? మాయింట్లో నాలుగు గేదెలున్నాయి. ఇది పెరుగు కాదు. ఇది..." అని మాట దొరక్క మరో పిక్కను ముంచుకున్నాడు. "ఇంకో గరిటె ఎయ్యప్పా!"

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఊరుకోలేదు. తిరుపతిరావుకు ఒక్క ముక్క ముంచుకునే అవకాశం కూడా దొరకలేదు. పోలారావు చేయి కడుక్కుని, బొజ్జ నిమురుకుని, "ఇప్పుడు పిల్లని తీసుకురండమ్మా" అన్నాడు. మొహంలో అప్పటికే సగం సంబంధం కుదిరిపోయింది.

రత్నాలు వచ్చి దండం పెట్టింది. వంగినప్పుడు జడ ముందుకు జారింది. పోలారావు ముక్కు అదిరింది. ఒకసారి గాలి పీల్చాడు. ఇంకాస్త ముందుకు వంగి మళ్లీ పీల్చాడు. గున్నయ్యకేసి చూశాడు.

"ఒరే బాబూ, పిల్ల తల నాను తిన్న కూరలాగ వాసనొత్తన్నాదేటిరా?"

పైడమ్మ, ఇప్పుడు అర్థమయ్యి, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తలుపు వెనక కొంగులో నలిగిపోతున్న నవ్వు ఒక్కసారి తన్నుకు బయటపడింది. దాచి లాభం లేదని దాలమ్మ ముందుకు వచ్చింది.

"బాబాయ్, తప్పయిపోనాది. అది మా రత్నాలు తలకి సేసినాను. మా అత్త పెరుగనుకుని ఏసేసినాది."

పోలారావు మొహం తెల్లబడింది. "తలకి రాసుకునేదా?"

"అవును బాబాయ్."

"నాను... తలనూని తిన్నానా? రెండుమూడు గరిటెలా?"

"గిన్నెడు నాన్నా" అన్నాడు తిరుపతిరావు. ఆ రోజు అతను నోరు విప్పింది అదే మొదటిసారి.

పోలారావు మంచం మీద వెనక్కి వాలిపోయాడు. "పోనాను. తిరపతీ, మన ఎర్రెద్దుని అమ్మకు. దానికి నానంటే పేణం. నాకు కాళ్లు సల్లబడ్డాయి, సూడు." గున్నయ్య కాళ్లు పట్టుకుని చూస్తే వెచ్చగానే ఉన్నాయి. పైడమ్మ ఏడుపు అందుకుంది. వైద్యుడి కోసం నందిగాం పంపాలని పొరుగువాళ్లలో ఒకరన్నారు. సంబంధం తప్పిపోయినట్టేనని రత్నాలు తలుపు చాటుకు పోయి చతికిలబడింది.

దాలమ్మ గిన్నె అడుగున ఇంకా అంటుకున్నదాన్ని నాలుగు వేళ్లతో గీకింది. పోలారావు ముందు నిలబడి, అందరూ చూస్తుండగా సగం నోట్లో వేసుకుని చప్పరించింది. మిగతా సగం తన నెత్తిన పూసుకుంది.

"బాబాయ్, ఇందులో ఉన్నయి కోడిగుడ్డు సొన, కొబ్బరినూని, నిమ్మరసం, ఉప్పు. మీ వంటింట్లో లేనిది ఏటుంది సెప్పండి? కడుపులోకి పోతే కూడు, తలకి రాత్తే నూని. నాను సత్తే మీరూ సత్తారు. నాను సచ్చినానేటి?"

అని నవ్వింది. నెత్తి మీంచి తెల్లటి ముద్ద జారి ముక్కు చివర నిలిచింది. పోలారావు ఒక కన్ను తెరిచి ఆ ముద్దనే చూశాడు. అతని బొజ్జ మొదట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆఖరుకు మనిషే లేచి కూర్చుని, మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "పిల్ల నచ్చినాది. జడా నచ్చినాది. పెళ్లి మర్నాటి విందులో మా వోళ్లందరికీ ఇది పెట్టాల. పెట్టకపోతే మాత్రం నానీ గడప దాటి రాను!"

అలా రత్నాలు పెళ్లి కుదిరింది.

పెళ్లి బాగానే జరిగింది. అసలు భయమంతా మర్నాటి విందు గురించే. ఊళ్లో ఏ ఇంటి కోడీ ఆ వారం గుడ్లు పొదగలేదు, అన్నీ దాలమ్మ బుట్టలోకే వచ్చాయి. పెరట్లో జీడిమామిడి చెట్టు నీడన పెద్ద బాన పెట్టారు. ఎత్తుగా కట్టిన కర్రకు కన్ను పొడిచిన కొబ్బరిచిప్పలు వరసగా వేలాడదీశారు. చుట్టుపక్కల ఆడవాళ్లు మార్చి మార్చి కవ్వం తాడు లాగారు. దాలమ్మ బాన చుట్టూ తిరుగుతూ, ఆ చిప్పను ఎత్తు, ఈ చిప్పను దించు అని చెబుతూ, మధ్యమధ్య చిటికెలేస్తూ గంతులేసింది. బానలో మీగడ ఉబ్బి ఉబ్బి పైకి వస్తుంటే, సముద్రపు నురగ ఇంట్లోకి వచ్చినట్టనిపించి ఆమెకు తల తిరిగినంత పనయ్యింది.

పందిట్లో విస్తళ్లు వేస్తున్నారని కబురొచ్చింది. గున్నయ్యకు కాలు నిలవలేదు. బావమరిది వరస వాళ్లంతా అప్పటికే చేతులు కడుక్కుంటున్నారు. "ఈ సుక్కలతో ఎప్పటికవుతాది దాలీ?" అన్నాడు. దాలమ్మ ఉప్పు తేవడానికి లోపలికి వెళ్లగానే, సాయం చేద్దామని, చెంబుడు నూనె ఎత్తి బానలో కుమ్మరించేశాడు.

దాలమ్మ వచ్చేసరికి బాన నిండా విరిగిన పాలలాంటిది ఉంది. పైన నూనె, కింద పసుపు నీళ్లు, మధ్యలో పలుకులు పలుకులు. కవ్వం ఎంత తిప్పినా కలవలేదు. ఆడవాళ్లు తాడు వదిలేశారు. గున్నయ్య చెంబు వెనక దాచుకుని నిలబడ్డాడు. బుట్టలో ఒక్క గుడ్డు మిగల్లేదు.

వసారాలో కూర్చున్న పైడమ్మ తల ఎత్తింది. "ఏటయ్యిందే పిల్లా? నవ్వినబడ్డం నేదు."

"ఇరిగిపోనాది అత్తా" అంది దాలమ్మ. గొంతు వణికింది. కోడలి గొంతు అలా వణకడం పైడమ్మ అంతకు ముందెప్పుడూ వినలేదు. కర్ర కూడా అందుకోకుండా లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. బానలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.

"రుసి సెడిపోనేదు. పాలిరిగితే పారబోత్తాం గానీ, దీన్నేల పారబొయ్యడం? మళ్లీ తోడెట్టలేవేటి?"

తోడు అన్న మాట చెవిన పడగానే దాలమ్మ ఆగిపోయింది. కుండెడు పాలకు చెంచాడు పెరుగు చాలు. ఆ చెంచాను పాలల్లో కలిపితే కుండంతా పెరుగైపోతుంది. మరి బానెడు విరిగినదానికి?

"అత్తా, ఒక్క గుడ్డు గావాల. ఒకే ఒక్కటి!"

పైడమ్మ గోడ వెంట తడుముకుంటూ గంప దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆమె నల్లకోడి పొద్దున్నే కూర్చుంది. కూర్చున్న కోడి కింద చేయి పెడితే పొడుస్తుందని పిల్లలు కూడా ఆ దరికి పోరు. పైడమ్మ చేయి పెట్టింది. కోడి పొడిచింది. పైడమ్మ దాన్ని బూతులు తిట్టి, దాని కిందున్న రెండు గుడ్లు పట్టుకొచ్చి కోడలి చేతిలో పెట్టింది.

దాలమ్మ కొత్త కుండలో ఆ పచ్చసొనలు వేసి, నిమ్మచెక్క పిండి, చిలికింది. బానలోని విరిగినదాన్ని గరిటెతో తీసి, మొదట చుక్కగా, తర్వాత సన్నటి ధారగా పోసింది. ఎదురుగా పైడమ్మ కూర్చుని తాడు రెండో కొస పట్టుకుంది. ఆమె లాగితే ఈమె వదిలింది, ఈమె లాగితే ఆమె వదిలింది. "నాకు కనబడదు, ఎలగున్నాదో సెప్పు" అంది పైడమ్మ. "పలుకులు కరుగుతున్నాయి అత్తా... కరిగిపోనాయి... తెల్లబడతన్నాది... ఆలో మా, అత్తా, పొంగుతన్నాది!" చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కసారి కేక పెట్టారు. ఆ కేకకు పందిట్లో భోజనాలకు కూర్చున్నవాళ్లు ఏదో అయిందనుకుని లేచి పెరట్లోకి పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు పోలారావు, చేతిలో విస్తరితో సహా.

ఆ మధ్యాహ్నం ఎవరు ఎంత తిన్నారో చెప్పడం కష్టం. పనసపిక్కలు అయిపోయాయి. పిక్కలయ్యాక దోసకాయ ముక్కలు ముంచారు, అవీ అయ్యాక ఒకాయన వేలే ముంచాడు. ఆడవాళ్లు తినగా మిగిలింది జడలకు రాసుకున్నారు. సాయంత్రానికి ఊరి మేకలన్నీ పందిరి చుట్టూ చేరి, అందరి జడల వెంటా పడ్డాయి. గున్నయ్య వాటిని తోలుతూ పందిట్లో గుండ్రంగా పరిగెత్తాడు. అతనికి ఆ పూట వేసిన శిక్ష అదే.

అప్పటి నుంచి ఆమె పేరు సొన దాలమ్మ అయింది. తెల్లారితే ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడేవారు. బాలింతకు జుట్టు రాలిపోతోందని ఒకరు, పెళ్లివారు వస్తున్నారని ఇంకొకరు. పెంటయ్య అని డొంకూరు పక్క నుంచి చేపలు తెచ్చి ఇచ్చే గంగపుత్రుడు ఒకడు విషజ్వరం పడి లేచి, ఎముకల గూడయ్యాడు. ఏం పెట్టినా కడుపులో నిలవడం లేదని అతని పెళ్లాం ఏడ్చింది. దాలమ్మ పచ్చసొనను కొబ్బరిపాలతో, తాటిబెల్లంతో చిలికి, రోజూ వెళ్లి చెంచాతో నోట్లో పోసింది. పోస్తూ ఊళ్లో కబుర్లన్నీ నటించి చూపించేది. పోలారావు మంచం మీద పడ్డ తీరు చూపించిన రోజున పెంటయ్య నవ్వి, నవ్వి, ఆకలేస్తోందన్నాడు. సొన పని చేసిందో, నవ్వు పని చేసిందో, జ్వరం దానంతట అదే పోయిందో ఎవరికీ తెలియదు. వానాకాలం వచ్చేసరికి అతను మళ్లీ తెప్ప ఎక్కాడు. ఆ ఏడంతా దాలమ్మ ఇంట మంచి చేపకు కొదవ లేదు.

అత్తాకోడళ్ల కీచులాట ఆగిపోయిందని చెప్పలేం. రోజూ జరిగేది. కానీ కవ్వం తాడు రెండో కొస మాత్రం పైడమ్మ ఇంకెవరికీ ఇచ్చేది కాదు. కళ్లు పూర్తిగా పోయాక కూడా, చప్పుడును బట్టి, "ఇంకో సుక్క ఆపు... ఇప్పుడొయ్యి" అని చెప్పేది. అది ఎప్పుడూ తప్పేది కాదని దాలమ్మే అందరికీ చెప్పుకునేది.

అయితే ముసలితనంలో దాలమ్మ మనవలకు ఎక్కువసార్లు చెప్పింది ఇవేవీ కావు, రైలు సంగతి. రత్నాలుకు తొలిచూలు బిడ్డ పుట్టింది. బారసాలకు రమ్మని, వచ్చేటప్పుడు కుండ మరిచిపోవద్దని పోలారావు కబురు పెట్టాడు. దాలమ్మ అంతవరకూ రైలెక్కలేదు. పలాస స్టేషన్లో ఆ నల్లటి యంత్రం పొగ కక్కుతూ వస్తుంటే గున్నయ్య భుజం గోళ్లు దిగేలా పట్టుకుంది. ఎక్కాక, ఒళ్లో కుండ పెట్టుకుని రెండు చేతులా చుట్టేసింది. ఈ కుదుపులకు ఎక్కడ విరిగిపోతుందోనని ఆమె బెంగ. మాటిమాటికీ మూత తీసి చూసేది.

బండి వేగం అందుకుంది. కిటికీలోంచి తాటిచెట్లు వెనక్కి పరిగెత్తాయి. పొలాలు గిర్రున తిరిగాయి. ఒక గట్టు మీద నిలబడ్డ గేదె, కదలకుండానే, ఆమె ముందు నుంచి మాయమైపోయింది. దాలమ్మకు కడుపులో గిలిగింతలు మొదలయ్యాయి. "మావా, ఆ గేద సూసినావా? నిల్సునే పారిపోనాది!" అని పకపకా నవ్వింది. ఎదుటి బల్ల మీద కూర్చున్న ముసలావిడ నవ్వింది. ఆవిడ పక్కన కోళ్లగంప పెట్టుకున్నాయన నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే పెట్టెంతా నవ్వింది. వాళ్లలో ఒకాయన ఆ కుండలో ఏముందని అడగడం, దాలమ్మ మూత తీయడం, ఎవరి మూటలో ఉన్న అటుకులూ కాల్చిన చేపా వాళ్లు బయటికి తీయడం అంతా ఒక్క క్షణంలో జరిగిపోయింది. కుండ సగమయింది.

హరిశ్చంద్రపురంలో బండి ఆగగానే దాలమ్మ కుండతో సహా దూకింది. ప్లాట్‌ఫారం మీద పోలారావూ, తిరుపతిరావూ నిలబడి ఉన్నారు. పోలారావు ముందు కుండ అందుకున్నాడు, తర్వాత బాగున్నావా తల్లీ అన్నాడు. దాలమ్మ బిడ్డ సంగతులు అడుగుతుంటే బండి కూత వేసి కదిలింది.

"మా బావేడీ?" అన్నాడు తిరుపతిరావు.

దాలమ్మ వెనక్కి తిరిగింది. గున్నయ్య ఇంకా పెట్టెలోనే ఉన్నాడు. ముసలావిడ ఇచ్చిన అటుకులు తింటూ బండి ఆగిన సంగతే గమనించలేదు. ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి, చేతులు రెండూ ఊపుతూ, "దాలీ! దాలీ!" అని అరుస్తూ దక్షిణంగా వెళ్లిపోతున్నాడు. అతని వెనక కోళ్లగంప ఆయనా, ముసలావిడా కూడా సాయంగా చేతులు ఊపుతున్నారు.

"ఆలో మా, మా ఆయన్ని రైలు ఎత్తుకుపోనాది!" అంటూ దాలమ్మ ప్లాట్‌ఫారం మీద కూలబడి, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. పోలారావు ఆమె పక్కనే కూలబడ్డాడు. తిరుపతిరావు మాత్రం, ఎవరో ఒకరు వెళ్లాలి కదా అని, పట్టాల వెంట నడక మొదలుపెట్టాడు.

బావా బావమరుదులిద్దరూ పొద్దువాలే వేళకు తిరిగి వచ్చారు. మోకాళ్ల దాకా దుమ్ము కొట్టుకుని, నాలుక పిడచగట్టి వచ్చారు. బారసాల పీటల మీద రత్నాలు బిడ్డను పెట్టుకుని కూర్చుని ఉంది. గున్నయ్య గుమ్మంలో నిలబడి ఆయాసపడుతూ అడిగిన మొదటి మాట ఒక్కటే.

"కుండలో ఏవైనా మిగిల్చారేటి?"

మిగల్లేదు. దాలమ్మ కొంగు నడుముకు బిగించి, మరో గుడ్డు కోసం లేచింది.